పడవకు అడ్డం పడ్డ మనిషి

"దిగు కిందకి!"

తాడేపల్లి రేవులో ఆ పెద్దాయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి పడవ ముక్కు పట్టుకున్నాడు.

నాగేంద్రబాబుకి ఒళ్లు మండింది. ఈమధ్యే సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కయాక్ అది. ఒక్కడే కూర్చుని తెడ్డు వేసుకునే ప్లాస్టిక్ పడవ. పొద్దున్నే గాలం వేద్దామని వస్తే, వారం నుంచీ ఇదే గొడవ.

"ఈ లైఫ్ జాకెట్టు వేసుకో. తర్వాత ఎక్కడికైనా పో."

"నాకు ఈతొచ్చయ్యా! ఈ కృష్ణలోనే నేర్చుకున్నా."

"పుష్యమాసం నీళ్లురా ఇవి. పడగానే ఊపిరి బిగుసుకుపోద్ది. ఏ ఈతా పనికిరాదు."

"జాకెట్టుకి నీ కమీషనెంతేంటి?"

రేవులో ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

"అటు చూడు. అంతమంది పడవలేసుకుని పోతున్నారు. ఒక్కడికీ జాకెట్టు లేదు. నా ఒక్కడి మీదే పడ్డావేంటి?"

పెద్దాయన పడవ వదల్లేదు.

నాగేంద్రబాబు తోశాడు.

పెద్దాయన నీళ్లలో కూలబడ్డాడు. కళ్లజోడు ఎటో పోయింది. లేచి, తడుముకుంటూ వచ్చి మళ్లీ పడవ ముక్కే పట్టుకున్నాడు.

"వేసుకుంటే పీడ వదులుద్దా?"

"వదులుద్ది. ఇంక కనపడను."

విసురుగా తొడుక్కున్నాడు. బెల్టులన్నీ పెద్దాయనే బిగించాడు.

"ఇప్పుడు పో," అని గట్టెక్కాడు. వెనక్కి చూడలేదు.

పొగమంచులో, నది మధ్యన, పెద్ద చేపేదో గాలాన్ని లాగింది. నాగేంద్రబాబు ఒక పక్కకి వంగాడు. పడవ తిరగబడింది.

అరుద్దామంటే ఊపిరి అందలేదు. కాళ్లు కొంకర్లు పోయాయి. ఒక్క బార కూడా ఈదలేకపోయాడు. జాకెట్టే అతని ముఖాన్ని నీటిపైన నిలబెట్టింది.

చేపలు పట్టే బుల్లయ్య వచ్చి తన పడవలోకి లాగాడు.

రేవు చేరగానే నాగేంద్రబాబు గట్టు మీదకి పరిగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు.

"ఆయనెవరు బుల్లయ్యా? కాళ్లు పట్టుకోవాలి."

"మీకు చెప్పొద్దన్నారు బాబూ. చెబితే మీరు భయపడి ఆ పడవ ఇంకొకడికి అమ్మేస్తారంట. మళ్లీ వాణ్ణి ఎక్కడ వెతుక్కోను అన్నారు."

"నా పడవతో ఆయనకేం పని?"

బుల్లయ్య తడిసిన బెల్టులు ఒక్కొక్కటే విప్పాడు.

"మీ పడవే పోయినేడు తిరగబడ్డప్పుడు ఈ జాకెట్టు వాళ్లింట్లో మేకుకి ఉంది బాబూ, వాళ్లబ్బాయిని నీళ్లలోంచి తీసింది నేనే."