మనింట్లో చచ్చిపోయిన ఏనుగు

ఇప్పుడు ఎవరింటి సూపర్‌హీరో సీరియల్ వాళ్ళదే. ఇంట్లోవాళ్ళ మాటలు వింటూ టీవీయే ఏ రోజుకారోజు కథ అల్లేస్తుంది.

మొన్న బీరకాయ చెక్కు తీస్తూ వకుళ, "హీరో సంగతి సరే, ఆ ఎగిరే ఏనుగు గోలే భరించలేకపోతున్నా" అంది. నిన్న రాక్షసుడు ఏనుగుని చంపేశాడు.

కూతురు ధాత్రి అన్నం ముట్టలేదు. "పక్కింటి టీవీలో అది ఇంకా ఎగురుతూనే ఉందమ్మా. మనింట్లోనే ఎందుకు చచ్చిపోయింది?"

"ఏమోనే," అంది వకుళ, పిల్ల మొహంలోకి చూడలేక.

పొద్దున పిల్ల స్కూలుకెళ్ళగానే వకుళ టీవీ ముందు నిలబడింది. "ఆ ఏనుగుని మళ్ళీ బతికించవా?" అని బతిమాలింది.

"చచ్చినవాళ్ళు లేచొస్తే ఇంకేం కథ అని పోయినవారం మీరే విసుక్కున్నారు కదండీ," అంది టీవీ మర్యాదగా. "అందుకే దహనం కూడా చేయించేశానండీ."