తలుపు పక్క కుర్చీ

దెబ్బతిన్న మనసుల్ని ఎలా చూసుకోవాలో ఇరవై ఏళ్లుగా నర్సులకు నేర్పుతున్నాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. వాళ్లు వచ్చేది సర్టిఫికెట్ కోసం, మధ్యాహ్నం పెట్టే భోజనం కోసం.

ఈసారి ఒకావిడ కుర్చీ లాక్కుని మరీ తలుపు పక్కన చేరింది. నేను నోరు విప్పకముందే చూపంతా తలుపు మీదే.

"ఏమ్మా, అప్పుడే పారిపోదామనా? ముందుకు రా."

అందరూ నవ్వారు.

"ఇక్కడే ఉంటాను సార్. బాగానే వినబడుతోంది."

"వినబడితే చాలదమ్మా, బుర్రకెక్కాలి."

లేపి తెచ్చి ముందు వరసలో నా ఎదురుగా కూర్చోబెట్టాను. తలుపు మూయించాను. ఇక పాఠమంతా పెన్ను మూత తీయడం, పెట్టడం, మెడ తిప్పి వెనక్కి చూడడం. ఇలాంటివాళ్ల చేతుల్లో రోగుల్ని పెడుతున్నాం, మన ఖర్మ!

సాయంత్రం పరీక్ష. ఒకటే ప్రశ్న: "అగ్నిప్రమాదంలోంచి బయటపడ్డ మనిషి మీ గదికి వస్తే ఎక్కడ కూర్చోబెడతారు?"

బయటికి దారి కనబడే చోట. అంతే జవాబు. బోర్డు మీద రెండుసార్లు రాసి మరీ చెప్పాను. అయినా ఒకతను తన ఎదురుగా అని రాశాడు. ఒకామె ఏకంగా మంచం మీద పడుకోబెట్టేసింది.

ఆ పెన్ను మూత ఆవిడ కాగితం ఆఖర్న వచ్చింది. ఖాళీగా ఇచ్చి ఉంటుందనుకున్నాను. ఒక్క వాక్యం ఉంది:

"పొద్దున మీరు నన్ను లేపిన కుర్చీలో, సార్."