పీజు తీగ

"మామా, ఆ తీగ ఎయ్యొద్దు!"

మా మామ భీమప్ప పీజుకు నాలుగు రాగి పోగులు చుట్టి, స్టూలు ఎక్కబోతూ ఆగినాడు.

"బిడ్డ నీళ్లకు హీటరు పెడితే సాలు, పీజు పోతాంది. ఇంత లావు తీగైతే పోదులే యశోదా."

"పోవాలనే కదా మామా అది ఉండేది! మన వైరు తట్టుకునేది ఐదు ఆంపియర్లు. ఇంటికొచ్చేది రెండొందల ముప్పై వోల్టులు. రెండూ గుణిస్తే పదకొండొందల యాభై వాట్లు. హీటరేమో రెండువేలు. పీజు కాలకపోతే గోడలో వైరు కాలుతాది. ఉయ్యాల ఆ గోడ పక్కనే ఉంది."

"పదో తరగతి పరీక్ష రాయని ఇంజనీరమ్మా, శానా సెప్తివే!" అని నవ్వినాడు.

"పరీక్షకు ముందే పెండ్లి చేసినారు. పాఠం మాత్రం ఇన్నాను."

మామ ఉయ్యాల వైపు చూసి పోగులు విప్పబోయినాడు. ఉన్నట్టుండి ఆయన చేతులు ఆగిపోయినాయి.

"నిన్న పెద్దకడుబూరు సేను కాడ మోటారుకూ ఇట్లే ఏసినాను. ఆడ షార్టైనా పీజు పోదు. నాగేషుడు ఇప్పుడు ఆడికే పోయినాడు!"

నా మొగుడు నాగేషుకు ఫోన్ చేసినాను. మూడోసారికి ఎత్తినాడు. నేను నోరు తెరిచేలోగా మామ ఫోన్ గుంజుకున్నాడు.

"మోటారు ఎయ్యొద్దురా! మెయిన్ ఆపి, ఆ లావు తీగ తీసెయ్యి."

"మళ్లా పీజు పోతాది కదప్పా?"

"పోనీరా నాయనా. నువ్వుంటే సాలు."