మెడ తిప్పని నడక

"కసరత్తు డాక్టరును చూసచ్చెటందుకు రెండు అంగీలెందుకయ్యా? పెండ్లిచూపులకా?" సంచి సర్దుతున్న మొగుడు జలపతిని జమున దెప్పింది.

నక్సలైట్ అన్నలకు బువ్వ పెట్టావంటూ, పెట్టని జలపతి తలమీద పోలీసులు లాఠీతో కొట్టి నెలైంది. తల తిరుగుడు తగ్గడానికి డాక్టరు చెప్పిన కసరత్తు చేయించింది జమునే. వాకిట్లో సాంచె మగ్గం నూలుపోగు తిన్నగా పరిచి, మెడ అటూఇటూ తిప్పిస్తూ దానిమీద రోజూ నడిపించింది.

"ఇయ్యాల జరంత గూడ తూలుతలేవు. కొట్టినోళ్లకు దండెయ్యాలె!"

జలపతి నవ్వలేదు. గడప దాటి, బస్సురోడ్డు విడిచి, అన్నలున్న గుట్టల బాట పట్టాడు. అంగీల సంగతి జమునకు అప్పుడు తెలిసింది.

"మెడ తిప్పుమన్నడు గద డాక్టరు! ఒక్కపారి తిప్పరాదు!"

"తిప్పితే ఇగ పోలేనే."

డాక్టరు చూస్తే మెచ్చుకునేంత తిన్నగా నడిచాడు.

1986 హోళీ నాడు పోయిన జలపతి మళ్ళీ రాలేదు.