వచ్చేయ్ అన్నాడు

ఎమ్మెల్యే టికెట్ ఖాయమైన సాయంత్రమే చౌడప్ప మారతహళ్ళికి వచ్చాడు. ఏనాడో తానే ఇంట్లోంచి పంపేసిన భార్య వనజాక్షి అక్కడ అద్దె గదిలో ఉంటోంది.

"రేపు నామినేషను ఉండాది. నువ్వు పక్కన లేకుంటే జనం నాలుగు రకాలుగా అనుకుంటారు. జరిగిందంతా మరిచిపో వనజా, వచ్చేయ్. పొద్దున కారు పంపిస్తా."

మర్నాడు ఊరేగింపులో ఆయన ఆమె చెయ్యి వదల్లేదు. "నా బలమంతా ఈమేనప్పా" అని విలేకరులతో అన్నాడు. మధ్యాహ్నం ఇంట్లో విందు. పార్టీ పెద్దల ముందు తన చేత్తోనే ఆమె ఆకులో ఒబ్బట్టు వేసి నెయ్యి పోశాడు. వనజాక్షి కళ్ళు తుడుచుకుంటూ తిన్నది.

చివరి అతిథి వెళ్ళగానే చౌడప్ప మెడలో దండ తీసేశాడు.

"ఓటు వేసే రోజు మళ్ళీ పిలుస్తా, ఇద్దరం కలిసి పోవాల" అని ఆమెతో చెప్పి డ్రైవరును పిలిచాడు. "అమ్మను మారతహళ్ళిలో దింపి రాప్పా."

డ్రైవరు కదల్లేదు. "డిక్కీలో అమ్మ పెట్టెలు ఉండాయి సార్."

"పెట్టెలెందుకు?" అన్నాడు చౌడప్ప.

పొద్దున్నే వనజాక్షి గది ఖాళీ చేసి, తాళాలు ఓనరమ్మ చేతిలో పెట్టి, "మా ఇంటాయన తీసకపోతుండాడు" అని వీధిలో అందరికీ చెప్పి వచ్చింది.