ఊడరాని ముసుగు

"ఈ ఒక్క వారం ఆగండి హార్లన్‌గారూ," అన్నాడు ముసుగు మనిషి.

హార్లన్ పెట్టిగ్రూ అద్దంలో టై ముడి సరిచూసుకుంటూ కుదరదన్నాడు. రింగులోకి దిగితే అతను కుస్తీ పోటీల కమిషనర్. ఊరందరి చేతా తిట్లు తినడమే ఉద్యోగం. తెర వెనక మాత్రం ఎవరు గెలవాలో, ఎవరు ఊరొదలాలో రాసేది కూడా అతనే. ఈ సాయంత్రం ముసుగు ఊడాలని రాసేశాడు.

టెనెసీలోని ఆ చిన్న ఊళ్లో జరిగిన కథ అందరికీ కంఠతా వచ్చు. వసంతంలో డచ్ క్రెమర్ అనే దుర్మార్గుడు మోసం చేసి, ఊరి ముద్దుబిడ్డ రాయిస్ కాల్డర్‌ను ఓడించాడు. ఓడినవాడు ఏడాదిపాటు ఊళ్లో అడుగు పెట్టకూడదని పందెం. రాయిస్ కళ్లు తుడుచుకుంటూ పెట్టె సర్దుకున్నాడు.

నెల తిరక్కుండా నల్ల ముసుగుతో ఒకడు రింగులోకి దిగాడు. అవే భుజాలు, అదే మోచేతి దెబ్బ. ఎవరో వేరే చెప్పాలా అనుకుంది ఊరు. వాడు రాయిసే అని తేలితే జన్మలో కుస్తీ పట్టనివ్వనని కమిషనర్ టీవీలో పళ్లు నూరాడు. ఇక డచ్ సంగతి సరేసరి. ముసుగు మనిషి వచ్చిన రోజు నుంచీ పత్తా లేడు. భయంతో పారిపోయాడని జనం పడీపడీ నవ్వుకున్నారు.

ముసుగు మనిషి నోరు విప్పేవాడు కాదు. గొంతు పట్టిచ్చేస్తుందని భయం. అయినా పిల్లలు వచ్చి చంకనెక్కేవారు. ముందు వరసలో కూర్చునే ఓలీన్ టిడ్‌వెల్ అనే ముసలావిడ వారం వారం కోడి వేయించి తెచ్చేది. తిన్నంతసేపూ పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేది.

"ఆ పోటీ రోజున ఆ డచ్ వెధవ తొడలో నా టోపీ పిన్ను దించింది నేనే నాయనా. అంతా నీకోసమే."

అతనికి పొలమారింది. ఆవిడ నెత్తిమీద తట్టి మంచినీళ్లు అందించింది. అంత ప్రేమగా తన ఒంటిమీద చెయ్యి పడి ఎన్నేళ్లయిందో అతనికి గుర్తు రాలేదు.

"జనం నీ ముఖం చూడాలని చచ్చిపోతున్నారు. ఇంతకంటే మంచి రోజు దొరకదు," అన్నాడు హార్లన్ అద్దంలోంచే అతన్ని చూస్తూ.

"చూశాక ఆవిడ నాకు కోడి పెడుతుందా?"

"కోడి కోసం కథ మార్చమంటావేంట్రా?"

అతను ముసుగు తాళ్లకు ఇంకో ముడి బిగించుకున్నాడు.

హాలు కిటకిటలాడుతోంది. రాసుకున్నట్టే ముసుగు మనిషి కిందపడ్డాడు. రాసుకున్నట్టే కమిషనర్ రింగులోకి ఉరికి, ముసుగు తాళ్లు పట్టుకున్నాడు. జనం లేచి నిలబడి "రాయిస్, రాయిస్" అని గగ్గోలు పెట్టారు. ఓలీన్ రింగు చుట్టూ కట్టిన తాళ్ల కిందనుంచి దూరి వచ్చి, కమిషనర్‌కు అడ్డంగా రెండు చేతులూ చాపింది.

"ముందు నన్ను చంపి, తరవాత మా బాబును ముట్టుకో."

ఇది ఎవరూ రాయలేదు. ముసుగు మనిషి రెండు చేతులతో ముసుగును అదిమి పట్టుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు. అది నటన కాదని హార్లన్‌కు ఒక్కడికే తెలుసు. అయినా ఆవిడను తప్పించి, ఒక్క గుంజు గుంజాడు.

ముసుగు ఊడొచ్చింది, ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూస్తుండగా ఓలీన్ ముందు చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నిలబడ్డాడు డచ్ క్రెమర్.