వెండిరంగు ఇంజను

"ఏమయ్యా తణికాచలం, ఆ తుప్పంతా ఏంజేసినావు?"

మదరాసు చిత్రకారుడు జనార్దనం వేసిన కేకకి తలుపు వెనకున్న దేవకి ఉలిక్కిపడింది. పోయిన వారం వాళ్ళ బావి దగ్గర పాత ఆయిల్ ఇంజను చూసి మోజుపడి, దాని బొమ్మ వేసుకోవడానికి ఆయన పనిగట్టుకుని మళ్ళీ తిరుత్తణి రైలెక్కాడు. తీరా చూస్తే ఇంజనుకి నిలువెల్లా వెండిరంగు, నడుమున మూడు విభూతి గీతలు, పైన మల్లెల దండ.

"పొద్దన్నుంచీ తోమి పెయింటు కొట్టినాను సార్," అన్నాడు ఆమె మొగుడు బ్రష్షు ఊపుతూ. "పెళ్ళిచూపులకి పిల్లని మొగం కడగకుండా కూచోబెడతామా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నాకు కావలసింది ఆ తుప్పేనయ్యా. ఆ మసి, ఆ సొట్టలు. ఇన్నేళ్ళు చాకిరీ చేసిన ముఖం అది. దాని ముందు ఏ సినిమాతార పనికొస్తుంది?"

దేవకి మొగుడికేసి చూసింది. 'ఆ మసి మొగంతో మదరాసాయన ముందుకి రావద్దు, పౌడరు పూసుకుంటేనే గడప దాటు' అని పొద్దున హుకుం జారీ చేసిన మనిషి, ఇప్పుడు బ్రష్షు వీపు వెనక దాచుకుంటున్నాడు.

ఆమె చేతిలోని పౌడరు డబ్బాకి మూత పెట్టేసింది. ముక్కాలిపీట ఈడ్చుకొచ్చి, ఇంజను పక్కన వేసుకుని దర్జాగా కూర్చుంది.

"ఏందే ఇది?" అన్నాడు తణికాచలం.

"నువ్వుండు. అయ్యా, నన్ను గీయండి. శీక్రం గీయండి," అంది దేవకి. "మా ఆయన డబ్బాలో ఇంకా రవ్వంత పెయింటు మిగిలుండాది."